గోడలోని పేర్లకు జవాబుదారులు మీరే

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల క్రైస్తవ సంఘాల గురువులకు, పాస్టరేట్ కమిటీల పెద్దలకు, మందిర ఆస్తుల ధర్మకర్తలకు

గౌరవనీయులారా,



పాత మందిరాన్ని బాగుచేయించాలని గానీ, విప్పి కొత్తది కట్టాలని గానీ సంఘం తలపెట్టినప్పుడు మొదట చర్చకు వచ్చేది ఖర్చు. చివరిదాకా చర్చకు రాకుండానే తేలిపోయేది గోడల్లోని పాత స్మారక ఫలకాల సంగతి. “ఇంగ్లీషులో ఉన్న ఈ రాళ్లను ఇప్పుడు చదివేవాళ్లెవరు, వీటివల్ల సంఘానికి ఒరిగేదేమిటి” అన్న ఒక్క మాటతో దాతల పేర్లున్న పలక పెయింటు కిందికో, కొత్త టైల్స్ వెనక్కో, ఆవరణలోని ఇసుక కుప్ప పక్కకో చేరే ధోరణి ఊరూరా బలపడుతున్నది. ఆ ధోరణిని అంగీకరించలేకనే ఈ బహిరంగ లేఖ రాయవలసి వచ్చింది. ఒక పేరును గోడ నుంచి తీసివేసే అధికారం మీకు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ అధికారం ఉన్నదనే అనుకున్నా, ఆ పేరుకు బదులు చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఈ రెండు ప్రశ్నలను మీ ముందూ, మీరు ఎవరి తరఫున ఆ పదవుల్లో కూర్చున్నారో ఆ సంఘ సభ్యుల ముందూ ఉంచడమే దీని ఉద్దేశం.

స్మారక ఫలకమంటే గోడకు అలంకారమని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతున్నది. ఒక కుటుంబం తన తల్లి పేరనో, చనిపోయిన బిడ్డ పేరనో మందిరానికి గంటనో, బాప్తిస్మపు తొట్టినో, ప్రభువు బల్ల సంస్కారానికి వాడే వెండి పాత్రనో, బడి గదినో ఇచ్చినప్పుడు సంఘం ఆ కానుకను స్వీకరిస్తూ ఆ పేరును నిలుపుతామని మాట ఇస్తుంది. ఆ మాటకు రాతిమీద చెక్కిన రసీదే ఫలకం. ఇచ్చినవారు కన్నుమూసి, వారి వారసులు ఎక్కడెక్కడో స్థిరపడిన తరువాత ఆ ఒప్పందంలో దాత పక్షాన మాట్లాడడానికి మిగిలేది ఆ రసీదు ఒక్కటే. అప్పు తీసుకున్నవాడే అప్పుపత్రాన్ని చించివేస్తే ఊరు ఏమంటుందో మీకు తెలియనిది కాదు. కానుక పుచ్చుకున్న సంఘమే కానుక రసీదును పగలగొడితే దాన్ని ఇంకేమని పిలవాలి?

దాత పేరును రాతికి ఎక్కించి కాపాడుకోవడం ఈ నేలకు కొత్తగా వచ్చిన ఆచారమని కూడా చెప్పడానికి వీలులేదు. ఆళ్లగడ్డ మండలంలోనే ఉన్న అహోబిలంలో, కళింగ దండయాత్ర కాలంలో శ్రీకృష్ణదేవరాయలు స్వామిని దర్శించి ఆభరణాలు సమర్పించిన సంగతిని చెప్పే శాసనం, ఆయన రాణి పతకం సమర్పించిన సంగతిని కూడా విడవకుండా నమోదు చేసింది. చక్రవర్తి ఇచ్చిన దాని పక్కన రాణి ఇచ్చినది చిన్నదని శాసనం రాసినవారు దాన్ని వదిలివేయలేదు. తెలుగు నేలమీది దానశాసనాల చివర తరచుగా కనిపించే ఫలశ్రుతి వాక్యాలు మరొక మాట కూడా చెబుతాయి: తాను ఇచ్చిన దానంకంటె ఇతరులు ఇచ్చిన దానాన్ని కాపాడడం రెండింతల పుణ్యమని, ఇతరుల దానాన్ని హరించినవాడు వేల ఏండ్లు పురుగై పుట్టవలసి వస్తుందని ఆ వాక్యాల సారాంశం. విశ్వాసాలు వేరైనా, దాతకంటె పరిరక్షకుడి మీదే ఎక్కువ భారం మోపిన ఆ న్యాయం మీ పదవులకూ వర్తించదా? పొరుగున ఉన్న గుడి ధర్మకర్త అయిదు వందల ఏండ్ల నాటి రాణి పతకం సంగతి చెప్పగలుగుతున్నప్పుడు, నూరేండ్లు నిండని మందిరపు ధర్మకర్త తన గంట ఎవరిచ్చినదో చెప్పలేకపోవడం సమాజం ముందు తలదించుకోవలసిన విషయం కాదా?

ఒక పేరు వెనుక ఎంత జీవితం ఉంటుందో చూడడానికి దూరం వెళ్లనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ కర్నూలు జిల్లాలోనివే. ఆ కర్నూలు పట్టణంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెలకొల్పిన కోల్స్ స్మారక ఉన్నత పాఠశాల పేరు రాయలసీమలో చదువుకున్నవారికి సుపరిచితం. ఆ పేరులోని కోల్స్ ఎవరని అడిగితే చెప్పగలిగేవారు ఎందరున్నారు? ఆబ్రహాం కోల్స్ (1813–1891) అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో వైద్యుడు, అంతిమ తీర్పు దినాన్ని వర్ణించే మధ్యయుగపు లాటిన్ కీర్తనను మళ్లీ మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చినందుకు ఆనాటి క్రైస్తవ సాహిత్యంలో గుర్తింపు పొందిన అనువాదకుడు. ఆయన భార్య కరొలైన్ ఆకర్‌మన్ పెళ్లయిన కొద్ది ఏండ్లకే, ఇద్దరు పిల్లలు ఇంకా పసివాళ్లుగా ఉండగానే కన్నుమూసింది. ఆ ఇద్దరిలో ఒకడు జొనాథన్ ఆకర్‌మన్ కోల్స్, రెండవది ఎమిలీ కోల్స్. అవివాహితగానే ఉండిపోయిన ఎమిలీ, అన్నతో కలిసి తమ సంపదలో ఒక భాగాన్ని ఎక్కడో దూరాన ఉన్న తెలుగు దేశంలోని బడులకు కానుకగా పంపింది. కర్నూలు బడి తండ్రి పేరు మోస్తే, నెల్లూరులోని మిషన్ ఉన్నత పాఠశాలకు కోల్స్–ఆకర్‌మన్ అనే జంట పేరు వచ్చింది.

ఆ జంట పేరులోని రెండో మాటను నిలిచి చదివినవారికి దాని బరువు తెలుస్తుంది. ఆకర్‌మన్ అన్నది ఆ తల్లి పుట్టింటి పేరు. బిడ్డలకు ఊహ తెలియకముందే పోయిన ఒక స్త్రీ పేరు, ఆమె ఎన్నడూ వినని ఒక భాష మాట్లాడే పిల్లల నోట, ఆమె పోయిన అర్ధశతాబ్దం తరువాత కూడా హాజరు పట్టీల్లో, పరీక్షల సర్టిఫికెట్లలో, ఫుట్‌బాల్ పోటీల్లో పలుకుతూ వచ్చిందంటే అది ఆమె కూతురూ కొడుకూ తలపెట్టిన స్మారకం ఫలించినందువల్లనే. తల్లి ముఖం గుర్తులేని పిల్లలు తల్లి పేరును నిలుపుకున్న తీరు అది. బోర్డు మీద చోటు చాలదనో, పలకడానికి కష్టమనో ఆ రెండో మాటను ఎవరైనా కత్తిరిస్తే మిగిలేది భవనం. పోయేది ఆ భవనం ఎందుకు పుట్టిందన్న జ్ఞాపకం. మీ మందిరాల గోడల్లో ఉన్న ప్రతి పేరు వెనుకా ఇటువంటి తల్లో బిడ్డో ఉండే ఉంటారన్న అనుమానమైనా, పలకను ఊడదీయమని మేస్త్రీకి చెప్పేముందు కలగవద్దా?

కోస్తా తీరంలోని మచిలీపట్నం ఇంకొక రకంగా ఇదే పాఠం చెబుతున్నది. 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతి సమాధిమీద జాన్ పేటర్ అనే సైనికాధికారి కట్టించినదిగా చెప్పుకొనే సెయింట్ మేరీస్ చర్చి బందరులో నేటికీ ఉన్నది. కంపెనీ పాలన పోయింది, కోట శిథిలమైంది, డచ్చివారి వర్తకం కథగా మిగిలింది. కానీ ఆమె పేరు చెరగలేదు, ఎందుకంటే రాయి దాన్ని పట్టుకొని ఉన్నది, ఆ రాయిని పట్టించుకొన్నవారు తరతరానికీ ఎవరో ఒకరు ఉన్నారు. కట్టించినవారి శక్తికంటె తరువాత కాపాడినవారి శ్రద్ధే స్మారకాన్ని నిలుపుతుందనడానికి బందరు చర్చి చాలిన నిదర్శనం.

ఇక మీ సంఘాల సొంత చరిత్రకు వస్తే, దానిలో రాతికి ఉన్న స్థానం మరింత గట్టిది. 1701లో ఇంగ్లండులో పుట్టిన సువార్త వ్యాప్తి సంఘం, అనగా ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ ఎస్.పి.జి. మిషన్ అని పిలిచే సంస్థ, 19వ శతాబ్ది మధ్యలో కడప నుంచి ఉత్తరంగా వచ్చి ఆళ్లగడ్డకు దాపునే ఉన్న ముత్యాలపాడును తన తెలుగు పనికి ముఖ్య స్థానం చేసుకున్నది. జాన్ క్లే, ఆర్థర్ ఇన్మన్ వంటి గురువుల పేర్లు ఆ ఊరితో ముడిపడినవే. 1876–78 నాటి మహాక్షామంలో కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు తరిగిపోయిందంటే ఆ రోజుల్లో మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మిగిలిన బతుకు ఎటువంటిదో ఊహించవచ్చు. గంజి కేంద్రాలూ, అనాథ పిల్లల బడులూ, ఆ తరువాత పెరిగిన సంఘాలూ నడిచింది చాలామేరకు దూరదేశపు చందాలతో. ఆ చందాలలో గణనీయమైన భాగం స్త్రీలు పోగుచేసి పంపినవే. అప్పటి కృతజ్ఞతకూ దుఃఖానికీ గుర్తుగా వెలసినవే పాత మందిరాల్లోని పలకలు, ఆవరణల్లోని సమాధులు.

ఆ సంఘాల పాలన ఎన్ని చేతులు మారిందో మీకు గుర్తుచేయవలసిన అవసరం లేకపోయినా, సంఘ సభ్యులకు గుర్తుచేయవలసి ఉన్నది. మొదట మద్రాసు బిషప్ కింద, ఆ తరువాత 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య నాయకత్వంలోని దోర్నకల్ అధ్యక్ష మండలం కింద, అనగా ఒక బిషప్ పర్యవేక్షణలోని సంఘాల ప్రాంతం కింద ఇవి నడిచాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అనగా సీఎస్ఐ, ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అత్యధికులు అందులో చేరడానికి ఒప్పుకోక పాత సంఘవ్యవస్థలోనే నిలిచారు. 1963లో నంద్యాల పేరుతో ప్రత్యేక అధ్యక్ష మండలం వచ్చింది. 1975లో అది సీఎస్ఐలో కలిసింది. ఇన్ని మార్పుల్లో ఫైళ్లు మారాయి, ముద్రలు మారాయి, ఉత్తరాలు రాసే చిరునామాలు మారాయి. మిషన్ పాత నివేదికలూ ఉత్తరాలూ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. నంద్యాలలో ఇంటర్ చదివే పిల్లవాడు తన ముత్తాతకు బాప్తిస్మమిచ్చిన మందిరాన్ని ఎవరు కట్టించారో తెలుసుకోవాలంటే ఆక్స్‌ఫర్డ్ వెళ్లలేడు. గోడ దగ్గరికి వెళ్లగలడు. ఆ గోడను కూడా మీరు తెల్లగా తుడిచేస్తే అతడు ఎక్కడికి పోవాలి?

ఫలకాలలో లేని పేర్ల సంగతి కూడా ఈ లేఖ దాచదలచుకోలేదు. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల, స్మారకాల మీది రాతలను సేకరించి పెద్ద గ్రంథంగా అచ్చువేయించినప్పుడు ఆయన వెతికినది ప్రధానంగా యూరోపియన్ల పేర్లనే. అదే కాలంలో తెలుగు సంఘాల్లోని తల్లులు ఇంకొక రకమైన దానం చేస్తూ వచ్చారు. ఎసట్లో గింజలు పోసేముందు చేటలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం నాడు కొంగున మూటకట్టి మందిరానికి తెచ్చే ఆ పద్ధతికి పిడికెడు బియ్యం కానుక అని పేరు. బియ్యమైతే బియ్యం, జొన్నలైతే జొన్నలు. దానం గురించి ప్రత్యేకంగా పుస్తకమే రాసిన అజరయ్య, బీద సంఘం కూడా ఇవ్వగలదని, ఇవ్వడం వల్లనే అది తన కాళ్లమీద నిలబడగలదని తన అధ్యక్ష మండలంలో పట్టుబట్టి బోధించారు. కూలిగింజల్లో నుంచి తీసిన పిడికెడు, అది తీసిన పూట ఇంట్లో ఒకరి ముద్దను తగ్గించే ఉంటుంది. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, బాలింతలకు సాయపడి, ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించిన ‘బైబిలు స్త్రీలు’, అనగా మిషన్ చిన్న జీతం మీద నియమించిన స్థానిక పరిచారకురాండ్రు, ఎన్ని సంఘాలకు పునాది వేశారో లెక్కలేదు. వారికి ఏ గోడలో పలక ఉన్నది?

ఈ లోటును చూపించి పాత పలకలను తీసివేయడాన్ని సమర్థించేవారు మీలో ఉండవచ్చు. దొరల పేర్లూ దొరసానుల పేర్లూ మనకెందుకని, అవి పరాయి పాలనకు గుర్తులని వారి వాదం. ఆ ఫలకాల్లో కొన్నింటి భాషలో సామ్రాజ్యపు గర్వం వినిపిస్తుందన్నది కాదనలేని నిజం. స్థానిక విశ్వాసులను పేరులేని గుంపుగా చూసిన రోజులవి. కానీ దొరసాని పేరు చెరిపినంత మాత్రాన బైబిలు స్త్రీ పేరు గోడమీదికి రాదు. ఒక అన్యాయానికి రుజువు పోతుంది, రెండో అన్యాయం అలాగే ఉంటుంది. పాత పలక పక్కనే తెలుగులో మరొక పలక నిలిపి, ఇది ఎవరిచ్చారు, ఏ పరిస్థితుల్లో ఇచ్చారు, ఇందులో చెప్పకుండా విడిచినవారెవరు అని రాయించడానికి మిమ్మల్ని ఆపుతున్నదేమిటి? మందిరం బతికున్నవారి కోసమే గాని చచ్చినవారి కోసం కాదని మరికొందరు అంటారు. బైబిలులోనే అపొస్తలుల కార్యములలో దొర్కా చనిపోయినప్పుడు ఆమె ఆదుకున్న విధవరాండ్రు పేతురు చుట్టూ నిలిచి ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను చేతుల్లో పట్టి చూపించారు. రోమా సంఘానికి పౌలు రాసిన పత్రిక చివర కెంక్రేయ సంఘపు ఫీబేను, తనతో సహా అనేకులకు ఆదరువైన స్త్రీగా, పేరుపెట్టి పరిచయం చేశాడు. మేలు చేసిన స్త్రీ పేరు చెప్పడం, ఆమె చేతిపని చూపించడం తొలి సంఘపు అలవాటు. ఆ అలవాటును మీరు ఏ వాక్యం ఆధారంగా మానుకుంటున్నారు?

అధికారం మాట ఎత్తినప్పుడు చట్టం మాట కూడా చెప్పుకోవాలి. సీఎస్ఐ మందిరాల ఆస్తి చట్టరీత్యా సాధారణంగా 1947లో నమోదైన ట్రస్టు సంస్థ పేరున ఉంటుంది. స్థానిక కమిటీకి ఉన్నది నిర్వహణ బాధ్యత, అనగా యజమాని తరఫున చూసుకొనే పని. ఆంగ్లికన్ సంప్రదాయంలో మందిరపు కట్టడంలో గానీ స్మారకంలో గానీ మార్పు చేయాలంటే ముందుగా అధ్యక్ష మండలం నుంచి రాతపూర్వకమైన అనుమతి పొందాలి. దాన్ని ‘ఫ్యాకల్టీ’ అంటారు. ఇంగ్లండు సంఘ చట్టం ఇంకా ముందుకు వెళ్లి, స్మారకం దాన్ని నిలిపినవారిదని, వారి తరువాత ఎవరి జ్ఞాపకార్థం నిలిపారో వారి వారసులదని చెబుతుంది. మందిరం దానికి చోటిచ్చిన ఇల్లు మాత్రమే. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం నూరేండ్లు నిండిన శాసనాన్ని పురావస్తువుగా నిర్వచించింది; కట్టడం నుంచి వేరుచేసిన పాత వస్తువును కూడా అదే నిర్వచనంలో చేర్చింది. పలకను ఊడదీసి సామాను గదిలో పడేసినంత మాత్రాన దానికున్న విలువా, దానిపట్ల ఉన్న బాధ్యతా తీరిపోవు. ఈ సంగతులను తెలుసుకోకుండా సంఘ సమావేశంలో చేతులెత్తి చేసే తీర్మానానికి ఎంత బలముంటుందో మీరే ఆలోచించండి.

చెడగొట్టాలన్న ఉద్దేశమేమీ లేకుండానే జరిగే నష్టం మరింత ఎక్కువ కాబట్టి రాతి స్వభావాన్ని గురించి నాలుగు మాటలు అవసరం. ఈ ప్రాంతంలో సమాధులకూ, మెట్లకూ, చాలా పలకలకూ వాడినది బేతంచెర్ల, బనగానపల్లె వైపు గనుల్లో దొరికే నాపరాయి. అది సున్నపురాయి జాతికి చెందినది. పాలరాయి కూడా రసాయనికంగా ఆ జాతిదే. పండుగకు ముందు మరకలు పోవడానికి బాత్‌రూముల్లో వాడే యాసిడ్‌తో పలకను కడిగితే, బుసబుసమని లేచే ఆ నురగ మురికి కరిగిన నురగ అనిపిస్తుంది. నిజానికి కరిగేది రాయి, అరిగేది అక్షరం. పాలరాతి పలకల్లో అక్షరాలను ముందు గాడిగా చెక్కి, ఆ గాడిలో సన్నని రంధ్రాలు తొలిచి, సీసాన్ని కొట్టి నింపి నునుపు చేసేవారు. ఇనుప బ్రష్షుతో రుద్దినప్పుడు మొదట ఊడిపోయేది ఆ సీసమే. ఇత్తడి పలకను ఏటేటా చింతపండుతో తోమితే అది మెరుస్తూనే ఉంటుంది గాని, ఒకనాటికి ఆ మెరుపు తప్ప చదవడానికి ఏమీ మిగలదు. సున్నపు గచ్చుతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారిలేక పలక వెనుక చేరి, పొరలు పొరలుగా ఉండే నాపరాయిని పెళ్లలుగా విడదీస్తుంది.

అరిగిపోయిందని వదిలేసిన పలక కూడా తరచుగా చదవడానికి వీలవుతుందన్నది శాసన పరిశోధకులకు తెలిసిన సంగతి. చీకటి పడ్డాక టార్చిలైటును పలకకు ఎదురుగా పట్టకుండా, గోడకు ఆనించినట్టుగా పక్కనుంచి వేస్తే పగలు ఏమీ కనిపించని చోట గాళ్లలో నీడలు నిండి ఒక్కొక్క అక్షరమే పైకి లేస్తుంది: మొదట తేదీలోని అంకెలు, తరువాత పెద్ద అక్షరాల్లోని పేరు, చివరకు కింద చిన్న అక్షరాల్లో ఆ పలకను నిలిపినవారికీ పోయినవారికీ ఉన్న బంధుత్వం. తడిపిన కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో గాళ్లలోకి కొట్టి, పైన సిరా అద్ది తీసే నకలు పద్ధతి దేవాలయ శాసనాల విషయంలో నూరేండ్లకు పైగా వాడుకలో ఉన్నదే. ఒక్క సాయంకాలం, ఒక టార్చిలైటు, యువజన సంఘంలోని నలుగురు పిల్లలు చాలే పనిని ఇంతకాలం ఎందుకు తలపెట్టలేదు?

మరమ్మతు చేయగల చేతులకు కూడా కొరత లేదు. నంద్యాల నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఆళ్లగడ్డ, దేశంలోని ఎన్నో గుళ్లకూ కూడళ్లకూ విగ్రహాలు పంపే శిల్పుల ఊరు. అక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు, అనగా ఒక ప్రాంతపు నైపుణ్యం ఆ ప్రాంతానిదేనని చట్టం ఇచ్చే ముద్ర, లభించింది. వీధి వెంబడి ఉలి దెబ్బల చప్పుడు వినిపించే ఊరు పక్కనే ఉండగా మందిరాలు మాత్రం యంత్రంతో అక్షరాలు తొలిచిన గ్రానైటు పలకలు తెప్పించుకొని, చేతితో చెక్కిన పాత పలకలను పారవేయడం ఎంత విడ్డూరం! ఏ రాయి ఎటు పగులుతుందో వేలితో తట్టి చెప్పగల శిల్పికి, విరిగిన పలకను అతికించడం, ఊడిన అక్షరాన్ని పాత గాడి వెంబడే తిరిగి తేల్చడం తెలియని విద్య కాదు. దేవతామూర్తిని చెక్కే చేయి మందిరంలోని తల్లి పేరును చెక్కితే, అది ఈ ప్రాంతపు ఇరుగుపొరుగు బతుకుకు కూడా ఒక స్మారకమవుతుంది.

కాబట్టి మీ నుంచి సంఘాలు కోరదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి మందిరంలోని ఫలకాలు, గంటలు, తొట్లు, పాత్రలు, సమాధులు అన్నింటికీ ఒక జాబితా పుస్తకం రాయించి, ఫొటోతోపాటు ప్రతి రాతనూ అక్షరం తప్పకుండా ఎత్తిరాయించి, దాని తెలుగు అర్థాన్ని పక్కన చేర్చాలి. అధ్యక్ష మండలం రాతపూర్వక అనుమతి లేకుండా ఏ స్మారకాన్నీ కదిలించరాదని తీర్మానించాలి. మందిరం విప్పక తప్పని చోట, కొత్త మందిరం నమూనా గీసే రోజునే పాత పలకలకు చోటు నిర్ణయించాలి. ప్రతిష్ఠ ముగిశాక చోటు వెతికితే దొరకదు. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లను చెదలకు వదలకుండా భద్రపరచాలి. చాలా కుటుంబాలకు తమ పూర్వీకుల పేర్లు గౌరవంగా రాసి కనిపించే తొలి కాగితం అదే. అన్నింటికీ మించి, ఇంకా జ్ఞాపకం ఉన్న వృద్ధులను అడిగి పిడికెడు బియ్యం తెచ్చిన తల్లుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు సేకరించి, పాత పలకల సరసన తెలుగులో చెక్కించి, ఏటా మందిర ప్రతిష్ఠ దినాన ఆ పేర్లన్నీ బిగ్గరగా చదివించాలి. ఆ వృద్ధులు ఎంతకాలం ఉంటారు? ఈ పనిని వచ్చే కమిటీకి వదిలితే అప్పటికి అడగడానికి ఎవరు మిగులుతారు?

కొత్త మందిరం తలుపు పక్కన నిలిపే గ్రానైటు పలకమీద బంగారు రంగు అక్షరాలతో కమిటీ సభ్యుల పేర్లు వేయించుకోవడం ఇప్పుడు మామూలైంది. దాన్ని తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు; శ్రమించినవారి పేరు నిలవడం న్యాయమే. అయితే ఆ పలకకు చోటు కోసం ఏ పలకను తీయించారో ఒక్కసారి చూడండి. నూరేండ్ల నాటి దాత పేరును ఏ కారణం చెప్పి తొలగించారో, అదే కారణం చెప్పి ఇంకో యాభై ఏండ్లకు మీ పేర్లను తొలగించబోయే కమిటీకి మీరే ఇప్పుడు పాఠం చెబుతున్నారు. మీ తరువాతివారు మీ పేర్లను కాపాడాలన్న ఆశ మీకు ఉంటే, మీ ముందువారి పేర్లను మీరు కాపాడి చూపించడం తప్ప దానికి వేరే హామీ ఏదీ లేదు.

దొర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు దాచి ఉంచారు గనుకనే, పేతురు వచ్చినప్పుడు వారు చేతులు చాపి చూపించగలిగారు. రేపు మీ సంఘంలోని ఒక పిల్ల ఈ మందిరాన్ని ఎవరిచ్చారని అడిగినప్పుడు, చేయి పట్టి గోడ దగ్గరికి తీసుకువెళ్లి పేరు చూపించగలిగే స్థితిలో మీ సంఘాన్ని ఉంచుతారా? ఆ ప్రశ్నకు జవాబును కొత్త రంగు వేయకముందే, పాత గోడ ముందు నిలబడి ఇవ్వవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
సంఘ చరిత్ర శ్రేయోభిలాషి